విందుకు పేపర్ ప్లేట్లా, స్టీలు కంచాలా?

మూడొందల మంది భోజనాలకు పేపర్ ప్లేట్లు తేలిక. కడగక్కర్లేదు, లెక్కపెట్టి తిరిగివ్వక్కర్లేదు. కానీ సాంబారు కారకుండా చాలావాటికి పల్చని ప్లాస్టిక్ పొర అంటిస్తారు. కాబట్టి పూర్తిగా ఎరువు కాదు. నూనె పీల్చిన కాగితాన్ని పాత సామాన్లవాళ్లూ తీసుకోరు. 2022 జూలై 1న ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు నిషేధించాక వాటి చోటును ఎక్కువగా ఇవే ఆక్రమించాయి.

స్టీలు కంచాలు అద్దెకు దొరుకుతాయి. సిద్దిపేట ప్రాంతంలోనైతే విందులకు స్టీలు సామాన్లు ఇచ్చి తిరిగి తీసుకునే స్టీల్ బ్యాంకులే ఉన్నాయి. మూడొందల కంచాలు అక్కర్లేదు. బంతికి వందమంది చొప్పున మూడు బంతులైతే 200 చాలు: ఒక బంతి తింటుంటే ఇంకోటి కడుగుడులో ఉంటుంది. పైన 20 అదనం. గ్లాసులు మాత్రం 250 తెచ్చుకోండి, కొందరు రెండేసి వాడేస్తారు.

చిక్కంతా కడగడంలోనే. ముందు ఎంగిలి బకెట్లోకి గీకేయాలి, తర్వాత సబ్బు కలిపిన వేడినీళ్ల తొట్టి, ఆపై రెండు మంచినీళ్ల తొట్లు. గీకకుండా ముంచితే మొదటి తొట్టి నిమిషాల్లో జిడ్డవుతుంది, కంచాలు నీచువాసన కొడతాయి. నీటిపై నూనె తేలగానే మార్చేయండి. తడిగా బోర్లించి దొంతర పెట్టకండి, నిలబెట్టి ఆరనివ్వండి. చెంచాలు ఎంగిలిలోనే పోతాయి. బకెట్ దగ్గర ఒక మనిషిని ఉంచి, బంతి బంతికీ లెక్క చూడాలి.

నీళ్లకు కటకటైతే పేపర్ ప్లేటు వైపు వెళ్లకండి, ఈనెపుల్లలతో కుట్టిన మోదుగాకు విస్తరి తెచ్చుకోండి. మిషన్‌పై ఒత్తినవాటిలో కొన్నింటికి కింద ప్లాస్టిక్ కవరు ఉంటుంది, తిప్పి చూసి కొనండి.