బ్లాక్‌జాక్ డీలింగ్ ప్రాక్టీస్ సెట్, ఆరేండ్లు వాడినంక చెప్తున్న

బ్లాక్‌జాక్ అంటే 21 దాటకుండ డీలర్ పత్తల కన్నా ఎక్కువ తెచ్చుకునే కాసినో పత్తలాట, దాన్ని పంచుడు నేర్చుకునే ఈ సెట్ కొని ఆరేండ్లు దాటింది. పందెం గడులు గీసిన ఒక పచ్చ లేఅవుట్ గుడ్డ, ఆరు డెక్కులు పట్టే అక్రిలిక్ షూ (పత్తలు ఒక్కొక్కటి గుంజి పంచే పెట్టె), అయిపోయిన పత్తలు పెట్టే డిస్కార్డ్ ట్రే, ఎక్కడిదాక పంచాల్నో గుర్తుకు నడుమ పెట్టే రెండు కట్ కార్డులు, 300 చిప్స్ ఉన్న అల్యూమినియం పెట్టె, గంతే. హన్మకొండల మా ఇంట్ల దీని మీదనే నేర్చుకొని గోవా పోయిన, పణజి కాడ మాండవి నది మీద ఉండే ఒక పడవ కాసినోల నాలుగున్నర ఏండ్లు బ్లాక్‌జాక్ టేబుల్ కాడ డీలర్‌గ, అంటే పత్తలు పంచి గెలిచినోళ్లకు చెల్లించేటోనిగ, నిలబడ్డ. వాపస్ వచ్చినంక ఇప్పుడు మా చిన్నమ్మ కొడుకు గదే షూ మీద, గదే గుడ్డ మీద నేర్చుకుంటున్నడు. కొన్న రెండు రోజులకే పెట్టె మంచిగుంది, ప్యాకింగ్ మంచిగుంది అని రాసెటోళ్లే ఎక్కువ కనపడుతున్నరు, ఈ పని మీద బతికినోళ్లు రాసింది నాకు దొరకలె, అందుకే జర పొడుగ్గనే రాస్తున్న.

ముందుగాల ఒక మాట. ఇది ఇంట్ల పైసలు పెట్టి ఆడేదానికి కాదు. మన తెలంగాణల 1974 గేమింగ్ చట్టం ఉంది, 2017ల సవరణతోని ఆన్‌లైన్ల పైసల ఆట కూడ బంద్ పెట్టిన్రు. గోవాల లెక్క వేరే, అక్కడి 1976 చట్టానికి 1992ల ఒక సవరణ తెచ్చి ఫైవ్ స్టార్ హోటళ్లల స్లాట్ మెషిన్లకు పర్మిషన్ ఇచ్చిన్రు, 1996 సవరణతోని పడవల మీద టేబుల్ ఆటలు వచ్చినయ్. మనిషి చేత్తోని పత్తలు పంచే కొలువు అక్కడ పడవల మీదనే ఎక్కువ ఉండేది గందుకే. మా బాపుకు పత్తలు అంటేనే పడది, పత్తలాటల పొలాలు పోగొట్టుకున్నోళ్లను ఆయన కండ్ల చూసిండు. ఆయనకు నేను చెప్పింది ఒక్కటే, బాపూ నేను ఆడేటోన్ని కాదు, లెక్క తప్పకుండ పైసలు ఇచ్చేటోన్ని అని. నాలుగేండ్ల తర్వాత కూడ గా మాట మీదనే ఉన్న.

ఇగ సెట్ సంగతి. షూ మంచిది. లోపల వెనకనుంచి పత్తలను ముందుకు నూకే రోలర్ జర తేలికది, అందుకే షూల పత్తలు తగ్గినకొద్ది రెండు ముక్కలు కలిసి బయటికి వస్తయ్, ఇది నిజమే. చానమంది గీ ఒక్కదానికే తక్కువ స్టార్లు ఇస్తున్నరు. కని నిజం టేబుల్ మీద షూ ఖాళీ అయ్యేదాక ఎవ్వరు పంచరు. ఆరు డెక్కులంటే 312 పత్తలు, మా దగ్గర వెనక నుంచి దాదాపు ఒకటిన్నర డెక్కు కాడ కట్ కార్డు పెట్టేది, అది బయటికొస్తే ఆ రౌండ్ అయిపోంగనే మళ్ల కలిపేది. అంటే ఆ రోలర్ సతాయించే కాడికి మనం పోనేపోం. ఇంట్ల రెండు డెక్కులే ఏసి ప్రాక్టీస్ చేస్తే మాత్రం మొదటి నుంచే సతాయిస్తది. ఆరు డెక్కులు కొనుండ్రి, ఏసి చూడుండ్రి.

పత్తలు సెట్ తోని రాలె, వేరేగ కొన్న. మొత్తం ప్లాస్టిక్‌వి ఒక ఆరు, పైన పూత ఉన్న కాగితంవి ఒక ఆరు. ఎండాకాలం మన వరంగల్ల చేతుల చెమటకు కాగితంవి తొందరగ మెత్తపడతయ్, ప్లాస్టిక్‌వి ఏండ్లు ఆగుతయ్, అయినా కలపడం నేర్చుకునేదానికి నేను కాగితంవే పెట్టమంట, ప్లాస్టిక్‌వి మరీ జారుతయ్, వంగి మళ్ల సాఫ్‌గ వచ్చే తీరు వేరే. కలపడం అంటే గాలిల పత్తలు వంతెన లెక్క వంచి టపటప పడగొట్టుడు కాదు, మా దగ్గర అట్ల చేస్తే సూపర్‌వైజర్ ఊకోడు. పత్తలు గుడ్డకు ఆనుకొనే ఉండాలె, అంచులు మాత్రమే లేవాలె, ఎదురుంగ కూసున్నోళ్లకు ఒక్క ముక్క మొఖం కూడ కనపడద్దు. కుప్పను రెండు చేసుకొని రెండిట్ల నుంచి సగం సగం డెక్కు తీసుకుంట రెండుసార్లు కలిపి, ఒకసారి పొరలు పొరలుగ తీసి, మళ్ల ఒకసారి కలిపి పక్కకు పేర్చాలె. మొదట్ల నాకు ఆరు డెక్కులకు పావుగంట పట్టేది, పోయెటప్పటికి ఐదు నిమిషాలకు వచ్చిన, అక్కడ రోజు చేస్తే ఇంకా తగ్గింది. మీరు కలిపినంతసేపు టేబుల్ మీద ఆట ఆగుతది కద, కాసినోలు కలిపే మెషిన్లు తెచ్చుకునేది కూడ గందుకే.

గుడ్డ మడతపెట్టి పంపిన్రు, గది తప్పు. ఆ మడత గీత మీద చిప్స్ కుప్ప నిలబడది, పత్త జారిపోవాల్సిన కాడ ముక్కు తట్టుకొని తిరగబడ్తది. నేను పీవీసీ పైపుకు చుట్టిపెట్టిన, రెండు నెలలకు సాపైంది. అప్పటిసంది మడతపెట్టలె. ఇంకొకటి, ఉత్త బల్ల మీద ఈ గుడ్డ పరిస్తే పత్త అంటుకుపోతది, లేపాల్నంటే గోరు పెట్టాలె. కింద కొత్తవాడ జంపఖానా ఒకటి పరిచిన, అంచు మీద జర ఒత్తితే ముక్క దానంతట అదే లేస్తది. గోవాల నిజం టేబుల్ కింద స్పాంజి ఉంటది, చేతికి నాకు తేడా తెలువలె. బల్ల ఎత్తు కూడ చూసుకోండ్రి. డీలర్ నిలబడి చేసే పని ఇది, నేను మొదట్ల మంచం మీద కూసొని నెల రోజులు నేర్చుకున్న, అక్కడ నిలబడంగనే మణికట్టు వంపు మొత్తం మారిపోయి చేతులు కొత్తగ అనిపించినయ్. ఇప్పుడు తమ్మునికి ఇస్త్రీ బల్ల ఇచ్చిన, నడుము ఎత్తుకు సరిపోతది.

గుడ్డ మీద రాసింది కూడ ఒకసారి చదువుకొని కొనుండ్రి. నాకొచ్చిన దాని మీద బ్లాక్‌జాక్‌కు, అంటే మొదటి రెండు పత్తలే ఆసు, పది పడితే, ఐదు పందానికి ఆరు ఇచ్చే లెక్క, ఆరుకు ఐదు అని ఉంది, నేను చేసిన టేబుల్ మీద మూడుకు రెండు. చూస్తే చిన్నదే అనిపిస్తది. వెయ్యి రూపాయల పందెం మీద ఆసు, పది పడితే మూడుకు రెండు లెక్కల 1500 ఇయ్యాలె, ఆరుకు ఐదు లెక్కల 1200. ఆరు డెక్కుల ఆటల దాదాపు 21 చేతులకు (ఒక్కోసారి పంచే పత్తలను చెయ్యి అంటరు) ఒకసారి బ్లాక్‌జాక్ పడ్తది, అంటే ఆ 300 తేడాను 21 చేతుల మీద పంచితే ప్రతి నూరు రూపాయల పందెం మీద ఇంచుమించు 1.4 రూపాయలు ఎక్కువ కాసినోకు పోతయ్. ఆడేటోనికి ఇది మస్తు పెద్దది. మన సంగతికొస్తే, రోజు ఆ అక్షరాలు చూసుకుంట నేర్చుకుంటే కన్ను తప్పు లెక్కకు అలవాటు పడ్తది. నేను ఆ రాత మీద తెల్ల టేప్ ఏసి మూడుకు రెండు అని పెన్నుతోని రాసుకున్న.

ఇగ చిప్స్. ఈ సెట్ల ఖరాబు సామాను ఏదన్నా ఉందంటే గివే, అన్నిటికన్నా ముఖ్యమైనవి కూడ గివే.

పెట్టె మీద ఒక్కో చిప్ 11.5 గ్రాములు అని గొప్పగ రాసిన్రు. బరువుంటే కాసినోయి లెక్కనే ఉంటయ్ అనుకొని నేను కూడ ఖుషీ అయిన. లోపల ఇనుప బిళ్ల పెట్టి చుట్టూ ప్లాస్టిక్ పోసిన్రు, బరువు గందుకు. నిజం కాసినో మట్టి చిప్స్ 8.5 నుంచి 10 గ్రాముల మధ్యల ఉంటయ్, అంచు గరుకుగ ఉంటది, ఒకదాని మీద ఒకటి కూసుంటది. ఇవేమో నున్నగ ఉండి జారిపోతయ్. గోవాల పనిల చేర్చుకునే ముందు టేబుల్ టెస్ట్ అని పెడ్తరు. నా పత్తలకు ఒక్క వంక పెట్టలె. ఐదు డబ్బాలల (గుడ్డ మీద పందెం పెట్టే గడులు) ఐదు తీర్ల పందేలు పెట్టి, ఇవన్ని గెలిచినయ్ చెల్లించు అన్నరు. అక్కడి చిప్స్ చేతులకు తీసుకోంగనే నా వేళ్లు ఎంత పట్టుకోవాల్నో తెలువక ఐదుకు ఆరు పడ్డయ్, కుప్ప కూలింది. లెక్క నోటికి కరెక్టే చెప్పిన, చెయ్యి చెప్పలె. ఆ సూపర్‌వైజర్ సర్ నన్ను పంపియ్యలె, ఒక కుప్ప నా ముందట పెట్టి పదిహేను రోజులు పత్తలు ముట్టకు అన్నడు. ఇప్పటికి ఆయన మీద నాకు గౌరవం తగ్గలె.

నిజంగ డీలర్ పని అంటే గదే. పత్తలు పంచుడు ఎవ్వరికన్నా నెలల వస్తది, ఎడమ చేత్తోని షూల నుంచి గుంజి కుడి చేతికి అందుకొని, నీ ఎడమ పక్కన ఉన్న మొదటి డబ్బా నుంచి వరసగ పెట్టుకుంట పోవుడే. నీ పత్తల మొత్తం 16 వరకు నువ్వు ఇంకో పత్త తీసుకోవాలె, 17 మీద ఆగాలె, నీకు ఆలోచన చేసే పనే లేదు. చెల్లింపు కాడనే మనిషి పరీక్ష. చిప్స్ 20 ఒక కుప్ప, ఆ కుప్పను ఒక్క చేత్తోని ఐదు ఐదు ఐదు ఐదుగ కోసి కెమెరాకు కనపడేటట్టు పరచాలె. పందెం ఎంతుందో దాని పక్కకే నీ కుప్ప ఆనించి చూపుడు వేలు పైనుంచి గీస్తే ఎక్కువున్నయి నీ చేతులనే ఉండిపోవాలె, సమానంగున్నయి కింద ఉండాలె. 1400 పందెం మీద బ్లాక్‌జాక్ అంటే సగం 700 కలిపి 2100, మనసుల గుణించకుండ చెయ్యే రెండు వెయ్యిలు ఒక వంద అందుకోవాలె. దీనికి నేను హన్మకొండ చౌరస్తల నిలబడి బండ్ల నంబర్లు చదివేది, ఏపీ 36 పాత బండ్లు అయినా కొత్తయి అయినా నాలుగు అంకెలు కలిపి దానికి సగం కలిపి చెప్పుకునేది. తమ్ముడు కూడ గిట్లనే చేస్తున్నడు, ఫోన్ల యాప్ కన్నా మంచిగ పనిచేస్తున్నది.

చేతుల గురించి కూడ చెప్పాలె, ఇది సెట్ తోని వచ్చే పుస్తకంల ఒక్క లైన్ కూడ లేదు. టేబుల్ ఇడిసిపోయేటప్పుడు రెండు చేతులు ఒకసారి తట్టి అరచేతులు కిందికి మీదికి తిప్పి చూపెట్టాలె, చిప్ ఏది అంటుకపోలేదని పైన కెమెరా చూస్తది. ముక్కు గీక్కున్నా సరే మళ్ల చూపెట్టాలె. ఆడేటోని చేతి నుంచి పైసలు నేరుగ తీసుకోవద్దు, టేబుల్ మీద పెట్టిస్తె నోట్లు పరిచి లెక్కపెట్టి, ఎంతో గట్టిగ చెప్పి, సూపర్‌వైజర్ సరే అన్నంకనే చిప్స్ నూకాలె, నోట్లు టేబుల్‌కున్న పైసల పెట్టెల ఎయ్యాలె. ఒక ముక్క కావాల్నంటే ఆడేటోడు నోటితోని చెప్తే సాలదు, వేలుతోని టేబుల్ మీద తట్టాలె, వద్దంటే చెయ్యి అడ్డంగ ఊపాలె. మాట కెమెరాకు వినపడది కద. వీటన్నిటికి అలవాటు కావాల్నని తమ్మునికి ప్రాక్టీస్ అంగీ జేబులు బట్టల బజార్ల టైలర్ తోని మూసి కుట్టిపిచ్చిన, అక్కడ యూనిఫాంకు ఎట్లాగు జేబులు ఉండవు.

రెండో ఏడు ఒకరోజు రాత్రి మూడు దాటినంక నేను ఒక తప్పు చేసిన. ఆడేటాయనది 18, నాది 18. సమానం, పందెం అట్లనే ఉంచాలె. నేను గెలిచిండు అనుకొని ఐదు వేలు చెల్లించిన, పత్తలు తీసి డిస్కార్డ్ ట్రేల కూడ పెట్టేసిన. తెలిసింది కని ఆ చిప్స్ నేను వాపస్ గుంజలె, గుంజొద్దు కూడ. చేతులు ఎత్తి అక్కడనే ఆగి సూపర్‌వైజర్‌ను పిలిచిన. పత్తలు కుడి నుంచి ఎడమకు వరస తప్పకుండ ఎత్తే పద్ధతి ఎందుకు పెట్టిన్రో నాకు ఆ రాత్రి సమజైంది, ట్రేల నుంచి ముక్కలు ఉల్టాగ తీసి ఎవరి చేతిల ఏమున్నయో మళ్ల అట్లనే పరిచి చూపెట్టినం, పైన కెమెరాల కూడ చూసిన్రు, ఆడేటాయన కూడ ఒప్పుకున్నడు. ఎత్తుడు వరస తప్పితే నిజం చెప్పినా నమ్మిపిచ్చెటందుకు ఆధారం లేకపోవు. తమ్మునికి రోజు పది చేతులు పంచి ఎత్తి, మళ్ల వాపస్ పరిచి చూపెట్టమంట. వానికి ఇది ఇష్టం లేదు, అన్నా ఇది ఎందుకే అంటడు, అయినా చేపిస్త.

ఆరేండ్లకు ఏ సామాను ఎట్లుందంటే, షూ మీద గీతలు పడ్డయ్ కని పగలలె. ట్రే ఒక మూల ఇరిగింది, ఫెవిక్విక్ పెట్టిన. గుడ్డ రంగు నా చేతులు ఆనే కాడ తెల్లగైంది. చిప్స్ పెట్టె బిజాగరి రెండో ఏడే ఊడింది. చిప్స్ మొత్తం పక్కకు పెట్టి, 39 మిల్లీమీటర్ల సిరామిక్‌వి 10 గ్రాములయి రెండు వందలు తెప్పించిన. అవి నిజం మట్టి చిప్స్ అంత గరుకు ఉండవు కని బరువు, సైజు దగ్గరనే. ఖర్చు సెట్ ధరంత అయింది, అయినా గదే మొదలు కొంటే నాకు ఆ పదిహేను రోజులు మిగిలేటియి.

కొనేటోళ్లు మొత్తం సెట్ తీసుకోకుండ్రి. షూ, ట్రే, కట్ కార్డులు ఒకటి, గుడ్డ చుట్టి పంపెటోళ్ల కాడ ఒకటి, చిప్స్ వేరేగ. షూకు నాలుగున్నర, గుడ్డకు మూడు, చిప్స్‌కు ఒకటి ఇస్తున్న. ఎవలకన్నా ఆ ఇనుప బిళ్ల చిప్స్ కావాల్నంటే మా ఇంట్ల మూడు వందలు ఊకెనే ఉన్నయ్, పిల్లలకు లెక్కలు నేర్పెటందుకు పనికొస్తయ్, వచ్చి తీస్కపోండ్రి.