గోధుమ పిండి బ్రెడ్డు: గ్లూటెన్ పొడా, ఎంజైములా, రాత్రంతా నానబెట్టడమా?

మర పట్టించిన గోధుమ పిండితో, చిటికెడు మైదా కూడా కలపకుండా బ్రెడ్ చేసినవాళ్లకి ఈ కష్టం తెలుసు. మైదా ముద్ద టిన్ను అంచు దాటి పొంగుతుంది. అవే కొలతలతో గోధుమ పిండి పెడితే సగంలో ఆగిపోతుంది, కోస్తే ఇటుకలా ఉంటుంది. దీనికి ముగ్గురు మూడు మందులు చెబుతారు. మూడూ వాడి చూశాను.

తప్పంతా పొట్టుది. గింజ బరువులో దాదాపు 14, 15 శాతం అదే. అందులో అరాబినోజైలాన్ అనే పీచు ఉంటుంది. ముద్దలో పోసిన నీళ్లను అది పీల్చేసుకుని, ముద్దను సాగేలా చేసే గోధుమ ప్రోటీన్ అయిన గ్లూటెన్‌కి సరిగా అందనివ్వదు. పైగా పొట్టు ముక్కలు గాలి బుడగల గోడల్లో గుచ్చుకుని వాటిని చిల్లులు పొడుస్తాయి.

గ్లూటెన్ పొడి కలపడం కండబలంతో నెట్టుకురావడం లాంటిది. 100 గ్రాముల పిండికి మూడు నుంచి ఐదు గ్రాములు వేసి, నీళ్లు ఇంకాస్త పెంచితే చాలు, మొదటిసారే బ్రెడ్ లేస్తుంది. కానీ పొట్టు చేసే అల్లరి అలాగే ఉంటుంది. కాస్త ఎక్కువైతే మర్నాటికి ముక్క రబ్బరులా సాగుతుంది, గోధుమ రుచీ తగ్గుతుంది. ఖర్చు సరేసరి.

ఎంజైములు అసలు గొడవ దగ్గరికే వెళ్తాయి. జైలనేజ్ అనేది ఆ పీచును ముక్కలు చేస్తుంది, అది పట్టి ఉంచిన నీళ్లు గ్లూటెన్‌కి దొరుకుతాయి. ముద్ద సాగుతుంది, బ్రెడ్ పొంగుతుంది. అమైలేజ్ పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టి ఈస్ట్‌కి మేత వేస్తుంది. గ్లూకోజ్ ఆక్సిడేజ్ గ్లూటెన్‌ని బిగిస్తుంది. ఒకప్పుడు ఆ బిగింపు కోసం పొటాషియం బ్రోమేట్ వాడేవాళ్లు, మన దేశంలో 2016లో దాన్ని నిషేధించారు. బ్రెడ్ ప్యాకెట్ వెనక 1100 అని ఉంటే అమైలేజ్, 1102 అని ఉంటే గ్లూకోజ్ ఆక్సిడేజ్. ఆ అంకెలు చూసి 'అమ్మో కెమికల్' అని కంగారు పడనక్కర్లేదు. ఇవి ప్రోటీన్లు, ఓవెన్ వేడికి చాలావరకు చచ్చిపోతాయి.

అమైలేజ్ పని కళ్లారా చూడాలంటే చిక్కటి రాగి జావ చాలు. చెయ్యి పెట్టగలిగే వేడికి వచ్చాక, మొలకెత్తించి ఆరబెట్టిన రాగుల పిండి అరచెంచా కలిపి చూడండి. గరిట నిలబడే జావ కాసేపట్లో జారుగా అయిపోతుంది. మొలకల్ని దోరగా వేయించి పట్టించిన పిండైతే ఈ వింత జరగదు, వేయింపుతోనే ఎంజైమ్ పోతుంది.

చిక్కల్లా కొలతతోనే. 100 కిలోల పిండికి గ్రాముల లెక్కన వేసే సరుకును ఇంట్లో అరకిలోకి ఎలా తూస్తాం? బేకరీ సామాన్ల షాపులో ఇచ్చిన, ఎంజైములు కలిపిన ఇంప్రూవర్ పొడిని ఒకసారి 'కాస్త ఎక్కువైతే ఏంలే' అని రెండింతలు వేశాను. ముప్పావుగంటకి ముద్ద దోసెల పిండిలా జారి వేళ్ల మధ్య తీగలు సాగింది. కాల్చి, చల్లారాక కోస్తే కత్తికి బంకలా అంటుకుంది. రాతి మర ఒత్తిడికి, వేడికి పిండిరేణువులు బాగా చితుకుతాయి. చితికిన పిండి అమైలేజ్‌కి తేలిగ్గా చిక్కుతుంది కాబట్టి మన మర పిండిలో పొరపాటుకు చోటు మరీ తక్కువ.

ఇక నానబెట్టడం. ఇదీ ఎంజైముల పనే, కాకపోతే అవి గోధుమలో పుట్టుకతో ఉన్నవి. 400 గ్రాముల పిండిలో 320 మిల్లీలీటర్ల నీళ్లు, చిటికెడు ఉప్పు కలిపి రాత్రి మూతపెడతాను. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లోనే, లేదంటే తెల్లారేసరికి పులుపెక్కుతుంది. పొద్దున ముద్దను పట్టి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది. పొట్టు మెత్తబడి, రాత్రి చిరిగిన ముద్ద ఇప్పుడు సాగుతుంది. ఈస్ట్, మిగతా ఉప్పు అప్పుడు కలుపుతాను. పులిపిండితో చేస్తే ఇంకో లాభం. ఆ కొద్ది పులుపులో గోధుమలోని ఫైటేజ్ అనే ఎంజైమ్ చురుగ్గా పనిచేసి, ఖనిజాలను పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఇనుము, జింకు ఒంటికి బాగా పడతాయి. గ్లూటెన్ పొడి ఈ పని చేయలేదు.

రోజుకు వందల బ్రెడ్లు తీసే బేకరీకి ఎంజైములే మేలు. సరైన తూకం ఉంటుంది, వేసిన గ్లూటెన్ సగానికి తగ్గించొచ్చు, మాల్టోజెనిక్ అమైలేజ్ వల్ల బ్రెడ్ రోజుల తరబడి మెత్తగానూ ఉంటుంది. ఇంట్లో వారానికి రెండు చేసుకునేవాళ్లకి నా ఓటు నానబెట్టడానికే. పిల్లలు శాండ్‌విచ్ ఎత్తు కావాలని పేచీ పెడితే, ఆ పూటకి రెండు చెంచాల గ్లూటెన్ పొడి. ముద్ద మరీ మొండికేస్తే మొలకెత్తించి నీడన ఎండబెట్టిన గోధుమల పిండి పావు చెంచా వేస్తాను. అరచెంచా వేశానో, మళ్లీ ఆ కత్తి కడుక్కోవాల్సిందే.