ప్రాసిక్యూటర్ ఆఫీసు: షాడోరన్‌లోనా, ట్రావెలర్‌లోనా?

సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ ఆటలో (ఆటగాళ్లు పాత్రలుగా మారి కథ నడిపే ఆట) ప్రభుత్వ ప్రాసిక్యూటర్ ప్రధాన కార్యాలయం చుట్టూ కథ నడపాలంటే నా ముందు రెండు ఆటల లోకాలు ఉంటాయి: షాడోరన్, ట్రావెలర్.

1989లో వచ్చిన షాడోరన్‌లో అతిపెద్ద కార్పొరేషన్ల స్థలాలు వేరే దేశంతో సమానం. వాటి గేటు దాటితే, కథ జరిగే సియాటెల్ నగర చట్టం చెల్లదు. నగరంలో పోలీసు పని కూడా లోన్ స్టార్ లాంటి కాంట్రాక్టు కంపెనీలదే. అంటే ప్రాసిక్యూటర్ బల్ల మీదికొచ్చే సాక్ష్యం ఓ ప్రైవేటు కంపెనీ సేకరించి ఇచ్చినది. దాన్ని ఎంతవరకు నమ్మాలి? కిటికీలోంచి నిందితుడి భవనం కనిపిస్తూనే ఉంటుంది, వారెంటు మాత్రం అక్కడికి చేరదు. ఆ నిస్సహాయత నన్ను నిజంగా కదిలిస్తుంది. ఆఫీసును పాతబడిన మెట్లతో, నిండిపోయిన ఫైళ్ల గదితో, చాలని సిబ్బందితో చూపిస్తే ఆటగాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

1977 నాటి ట్రావెలర్‌లో చిక్కు దూరానిది. కబురు ఓడ కంటే వేగంగా వెళ్లదు, ఒక్కో జంప్‌కు, అంటే ఓడ ఒక నక్షత్రం నుంచి మరో నక్షత్రానికి చేసే ప్రయాణానికి, దాదాపు వారం పడుతుంది. స్టార్‌పోర్ట్ (అంతరిక్ష ఓడల రేవు) కంచె లోపల అనేక గ్రహాలను ఏలే సామ్రాజ్యపు చట్టం, బయట ఆ గ్రహం చట్టం. అందుకే ఆఫీసు కంచె లోపలే ఉండాలి. వారెంటు బయల్దేరేసరికి నిందితుడు మరో జంప్ చేసేసి ఉంటాడు.

నెలల తరబడి ఆడే జట్టుకు ట్రావెలర్ బాగుంటుంది. నేనైతే షాడోరన్‌నే ఎంచుకుంటాను. అక్కడ సాక్షిని ఈ రాత్రే కాపాడాలి, ఆ టెన్షన్ మొదటి సీన్ నుంచే ఉంటుంది.