జాగ్రత్త: డకోటా రివెట్‌కు డబ్బు కట్టే ముందు టార్పాలిన్ ఎత్తి చూడండి

పాత డకోటాను, అంటే రెండవ ప్రపంచయుద్ధకాలపు రెండు ఇంజిన్ల రవాణా విమానాన్ని, మళ్ళీ గాలిలోకి లేపుతామంటూ విరాళాలు పోగుచేస్తున్న ఆ బృందం ఏదో ఇది చదివేవారిలో చాలామందికి తెలుసు కనుక పేరు రాయడం లేదు. "ఒక రివెట్ మీ పేరున" (రివెట్ అంటే విమానం రేకులను కలిపి బిగించే చిన్న మేకు) అన్న వారి పథకంలో నేను మూడు విడతలుగా డబ్బు కట్టాను. సంఖ్య వేసిన ప్రమాణపత్రం వచ్చింది, దానికి పటం కూడా కట్టించుకున్నాను. మిగతా పూర్వాపరాలు అనవసరం. నిన్న దాతల కోసం హాంగర్ తెరిచినప్పుడు జరిగినది మాత్రం చెప్పకుండా ఉండలేను.

విమానం ముక్కును అద్దంలా మెరిపించి దీపాల కింద నిలబెట్టారు. రెక్క మొదలు దగ్గర మాత్రం టార్పాలిన్ కప్పి, ఎవరూ అటు పోకుండా తాడు కట్టారు. గాలికి ఆ టార్పాలిన్ ఒక మూల లేచినప్పుడు నాకు కనబడింది రంపంతో కోసిన అంచు. డకోటా బయటి రెక్కలు బోల్టులతో బిగించినవి, వాటిని విప్పి వేరుగా తరలించవచ్చు. కానీ ఇంజిన్లను మోసే మధ్యభాగం విమాన దేహంతో ఏకమై ఉంటుంది, అంత వెడల్పున్న దాన్ని రోడ్డు మీద తీసుకురావడం పెద్ద తలనొప్పి. ఆ తలనొప్పి పడలేక ఎప్పుడో ఎవరో లారీకి సరిపడేలా దాన్ని కోసిపారేశారు. అలా కోసిన చోట రేకు అతికించి రంగు పూస్తే ప్రదర్శనకు నిలబెట్టవచ్చునేమో గాని, గాలిలో బరువు మోయాలంటే మధ్యభాగాన్నే దాదాపు కొత్తగా కట్టాలి, లేదా మరో డకోటా నుంచి తేవాలి. వారి విరాళాల పత్రంలో ఈ ఖర్చు ఒక్క వరుసలోనూ లేదు.

నిర్వాహకుణ్ణి పక్కకు పిలిచి మర్యాదగానే అడిగాను. ఆయన పక్కకు రాలేదు. పదిమంది వింటుండగా నవ్వుతూ, "ఎగిరే స్థితికి తెస్తామన్నాం గాని ఎగురుతుందని ఎక్కడ రాశామండీ? మీరు కొన్నది రివెట్, టికెట్ కాదు" అన్నారు. చుట్టూ ఉన్నవారు కూడా నవ్వారు. నిజం చెప్పాలంటే, ఏమనాలో తోచక నేనూ నవ్వాను. రాత్రంతా నిద్ర పట్టనివ్వనిది పోయిన డబ్బు కాదు, ఆ నవ్వు.

తప్పు నాది కూడా. ఒక ఇంజిన్ పొగ చిమ్ముతూ తిరిగిన వీడియో చూసి రెండవ విడత కట్టిన మహామేధావిని నేనే. పద్నాలుగు సిలిండర్ల ఆ ట్విన్ వాస్ప్ ఇంజిన్ ఒకటి నేల మీద రెండు నిమిషాలు తిరిగినంత మాత్రాన, తుప్పు తిన్న రెక్కల అతుకులు తమంతట తాము బాగుపడిపోతాయని నమ్మాను కాబోలు. మూడవ విడతకు ముందు వల్కన్ ఎక్స్‌హెచ్558 అనే పాత బ్రిటిష్ బాంబర్ విమానం సంగతి ప్రస్తావిస్తూ ఉత్తరం కూడా రాశాను. 2007లో మళ్ళీ ఎగిరిన ఆ విమానం, దాని సాంకేతిక బాధ్యత వహించిన సంస్థలు తప్పుకోవడంతో 2015 అక్టోబరులో ఆగిపోయింది కదా, మన డకోటాకు ఆ బాధ్యత ఎవరిది అని అడిగాను. "మీ ఉత్సాహానికి ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది. ఆ ధన్యవాదాలకు ఉప్పొంగిపోయి మూడవ విడత కూడా కట్టేశాను!

ఆలస్యమైనందుకు నాకు కోపం లేదు. ఎడారిలో 1987లో వెతికి పట్టుకున్న "డాక్" అనే బి-29 (పాత అమెరికన్ బాంబర్ విమానం) మళ్ళీ ఎగిరింది 2016 జూలైలో. విఫలమైనా ఓర్చుకునేవాణ్ణి. గ్రీన్‌లాండ్ మంచులో 1947 నుంచి పడి ఉన్న "కీ బర్డ్" అనే మరో బి-29కు ఒక బృందం ఇంజిన్లు మార్చింది, కానీ 1995లో ఎగరడానికి కదిలించినప్పుడే అది నిప్పంటుకుని కాలిపోయింది. ఆ బృందాన్ని ఎవరూ మోసగాళ్ళని అనలేరు, ఎందుకంటే వారు నిజంగానే దాన్ని ఎగిరించబోయారు. టార్పాలిన్ కప్పుకుని కూర్చోలేదు.

ఇటువంటి పథకాలకు డబ్బు కట్టదలచినవారు ముందుగా విమాన నిర్మాణాన్ని అర్హతగల ఇంజినీరు పరీక్షించి ఇచ్చిన నివేదికను, లాగ్‌బుక్కులను (విమానం ఎగిరిన, మరమ్మతు చేసిన వివరాల పుస్తకాలను) చూపమనండి. విమానం ఎవరి పేరున ఉందో, పని ఆగిపోతే డబ్బు ఏమవుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. నేను ఇవేవీ అడగలేదు.

అన్నట్టు, నా రివెట్ ఎడమ బయటి రెక్క అడుగున ఉందని ప్రమాణపత్రంలో స్పష్టంగా ముద్రించారు. నిన్న హాంగర్ మొత్తం తిరిగి చూశాను. ఎడమ బయటి రెక్క అక్కడ లేదు.