సిక్స్ మినిట్ ఇంగ్లిష్: వినేది ఆరు నిమిషాలు, పట్టేది వారం

బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ వాళ్ల ‘సిక్స్ మినిట్ ఇంగ్లిష్’ ఆరు నిమిషాల ఆడియో పాఠం, ఉచితమేనండి. ఇద్దరు మాట్లాడుకుంటారు. మొదట్లో ఓ క్విజ్ ప్రశ్న, చివర్లో దాని జవాబు, మధ్యలో ఆరు మాటలకు అర్థాలు. వెబ్‌సైట్‌లో ఆడియో, ఆ మాటలు రాసిన ట్రాన్‌స్క్రిప్ట్ పీడీఎఫ్ రెండూ దించుకోవచ్చు. చదివితే అర్థమవుతుంది గానీ ఎవరైనా మాట్లాడితే అందదు అనేవాళ్లకు ఇది సరైన మెట్టు. అక్షరాల దగ్గరున్నవాళ్లకు కాదు, తెలుగు ముక్క ఒక్కటీ ఉండదు.

చాలామంది రోజుకొకటి వినేసి వదిలేస్తారు. అలా 30 విన్నా నోరు తిరగదు. అమలాపురం, రావులపాలెం మధ్య రోజూ బస్సెక్కేవాళ్లయినా, నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడేవాళ్లయినా ఒకే ఎపిసోడ్‌ని వారమంతా నమలాలి.

సోమవారం కాగితం చూడకుండా రెండుసార్లు వినండి. మంగళవారం పీడీఎఫ్ తీసి, చెవికి అందనిచోట గీత గీయండి. గీసినవాటిలో చాలావరకు తెలిసిన మాటలే కనిపిస్తాయి. మనం మూడు ముక్కలుగా నేర్చుకున్న ‘నాట్ ఎట్ ఆల్’ వాళ్ల నోట ‘నొటటోల్’ అని ఒక్క ముక్కగా జారిపోతుంది. ‘కంఫర్టబుల్’ కాస్తా ‘కంఫ్టబుల్’ అవుతుంది. తెలుగులో ప్రతి అచ్చునూ నిండుగా పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఊనిక పడనిచోట అచ్చు నలిగిపోతుంది.

బుధ, గురువారాల్లోనే అసలు కష్టం. ఒక్క నిమిషం ముక్క తీసుకుని, వాక్యం విని, ఆపి, అదే తూగుతో పైకి అనాలి. బస్సులో మొహమాటంగా ఉంటుంది కాబట్టి డాబా మీదైతే నయం. నీళ్లు చిలికే ఏరేటర్లు తిరిగే రొయ్యల చెరువు గట్టు మీద మాత్రం వద్దు, మీ గొంతు మీకే వినపడదు.

శుక్రవారం ఆ నిమిషాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, అసలుదానితో పోల్చండి. ‘బస్’ చివర ఉకారం చేరి ‘బస్సు’ అవుతోందేమో చూసుకోవాలి. చెవి అనే మాటా, సంవత్సరం అనే మాటా రెండూ ‘ఇయర్’గానే వస్తున్నాయేమో వినాలి. ‘వి’కి పై పళ్లు కింది పెదవిని తాకాలి, ‘డబ్ల్యూ’కి పెదాలు సున్నా చుట్టాలి. మన ‘వ’ ఆ రెంటికీ మధ్యన పడుతుంది.

శనివారం ఆరు మాటల్లో పనికొచ్చే రెండే ఉంచుకుని, కొబ్బరి ధర మీదో రొయ్యల కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయో ఆ లెక్క) మీదో నాలుగు వాక్యాలు చెప్పండి. మిగతా నాలుగూ పోతే పోనివ్వండి.

లోపాలూ ఉన్నాయి. పీడీఎఫ్ మాటకు మాట ఉండదు, ఆ సంగతి వాళ్లే దానిమీద వేస్తారు. అందుకని బుధవారం పని కాగితం పట్టుకుని చేస్తే తడబడతారు, చెవిని నమ్ముకోవాలి. సంభాషణ ముందే రాసుకున్నది కాబట్టి ఒకరి మాటకు ఇంకొకరు అడ్డురావడం తక్కువ, నిజం ఫోన్ కాల్ అంత సాఫీగా సాగదు. యాస ఎక్కువగా బ్రిటన్‌ది. అన్నిటికంటే పెద్ద లోటు, మీ తప్పు దిద్దేవాళ్లు లేరు. ఆదివారం ఆ క్విజ్ ప్రశ్న మీదే తోటివాళ్లతో ఫోన్‌లో పది నిమిషాలు ఇంగ్లిష్‌లోనే వాదించుకుంటే కొంత పూడుతుంది. మొదటి నెల తిండి, వాతావరణం లాంటి విషయాల పాత ఎపిసోడ్లు ఎంచుకోండి.