ఆడిటరుకు పత్రాలు: తాళం వేసిన ఫైలు మేలా, లింకు మేలా?

జూలై వచ్చిందంటే హైదరాబాదులో ఉద్యోగస్తుల ఫోన్లకు ఆడిటర్ల నుంచి దాదాపు ఒకే సందేశం వస్తుంది: ఫారం 16, పాన్, ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్ పంపండి. మియాపూర్‌లో ఉండేవారు ఇందుకోసం ట్రాఫిక్‌ను ఈదుకుంటూ హిమాయత్‌నగర్ దాకా వెళ్లనక్కరలేదు. కూర్చున్నచోటి నుంచే పంపవచ్చు. అయితే ఎలా పంపాలన్నది మనలో చాలామంది ఆలోచించరు, వాట్సాప్‌లో పడేసి ఊరుకుంటారు.

వాట్సాప్‌ను పూర్తిగా తీసిపారేయడం న్యాయం కాదు. 2016 నుంచి అందులో సందేశాలన్నీ పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప మధ్యలో ఎవరికీ చదవ వీలులేని పద్ధతిలో వెళుతున్నాయి. దారిలో భయం లేదు, చేరాకే చిక్కు. ఆడిటర్ గారి సహాయకుడి ఫోనులో, ఆఫీసు కంప్యూటరులో రోజంతా తెరిచి ఉండే వాట్సాప్ వెబ్‌లో, బ్యాకప్‌లో మన పత్రం అలాగే ఉండిపోతుంది. బ్యాకప్‌కు కూడా అలాంటి రక్షణ 2021లో వచ్చింది కానీ, దానిని ఎవరికి వారు ఆన్ చేసుకోవాలి. కిందటేడాది అద్దె ఒప్పందం ప్రింటు కోసం అమీర్‌పేటలో ఒక జిరాక్స్ సెంటరుకు వెళితే, నేను వాట్సాప్‌లో పంపిన ఫైలు వెతికే క్రమంలో ఎవరెవరివో ఆధార్ కార్డులు తెర మీద వరుసగా కదిలిపోయాయి. ఆ వరుసలో నాదీ చేరిందని ఇంటికి వచ్చాక గాని తట్టలేదు.

కాబట్టి అసలు పోటీ పాస్‌వర్డ్ పెట్టి మెయిలులో పంపే ఫైలుకూ, గూగుల్ డ్రైవ్ వంటి చోట దాచి పంపే లింకుకూ మధ్య ఉంది.

తాళం వేసిన ఫైలుకు ఉన్న పెద్ద బలం, అది ఎవరి చేతికి చిక్కినా, ఏ కంప్యూటరులో ఎన్నేళ్లు పడి ఉన్నా, తాళం దానితోనే ఉండటం. బలహీనత కూడా అక్కడే పుడుతుంది. ఏటీఎంలో పిన్ వరుసగా తప్పు కొడితే కార్డు ఆగిపోతుంది. ఫైలు విషయంలో అలా ఆపేవారు ఎవరూ లేరు. దొరికినవాడు దానిని తన కంప్యూటరులో పెట్టుకుని, రాత్రింబవళ్లు, లక్షల పాస్‌వర్డులు ప్రయత్నించవచ్చు. మనకు అలవాటైన ఈ-ఆధార్ పీడీఎఫ్‌నే చూడండి: పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఆ వెంట పుట్టిన సంవత్సరం, అదే దాని పాస్‌వర్డ్. మన పేరు తెలిసినవాడికి మిగిలేది వందలోపు సంవత్సరాలు, ఆ తాళం నిమిషాల పని. అందుచేత, సొంతంగా తాళం వేసేటప్పుడు పుట్టినతేదీలు మాని, ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో కలిపి రాసుకోవడం ఉత్తమం. పొడుగే దాని బలం.

తాళాల్లోనూ రకాలున్నాయి. కొన్ని ఫైళ్లను ఒకే మూటగా కట్టే జిప్ ఫైళ్ల పాత తాళాన్ని ఎలా విప్పవచ్చో బిహామ్, కోచర్ అనే పరిశోధకులు 1994లోనే చూపించారు. ఉచితంగా దొరికే 7-జిప్ అనే సాఫ్ట్‌వేర్‌లో జిప్ ఫైలు చేస్తే మామూలుగా ఆ పాత పద్ధతే ఎంపికై ఉంటుంది. దానిని ఏఈఎస్-256 అనే గట్టి పద్ధతికి మనమే మార్చాలి. అలా చేసినా లోపలి ఫైళ్ల పేర్లు బయటికి కనిపిస్తాయి కనుక, ‘పాన్ కార్డు’ అని కాకుండా ‘1’, ‘2’ అని పేర్లు పెట్టండి. పీడీఎఫ్‌లో కూడా తెరవడానికి అడిగే పాస్‌వర్డ్ వేరు, ప్రింటును, మార్పులను ఆపే పాస్‌వర్డ్ వేరు. రెండోది మాత్రమే పెడితే ఫైలును ఎవరైనా చదువుకోవచ్చు.

ఇంత జాగ్రత్తపడి, పాస్‌వర్డును అదే మెయిలు కింద రాసేవారున్నారు. మరో మెయిలులో పంపడమూ అంతకంటే పెద్ద మేలు కాదు, ఎందుకంటే ఆ పెట్టె తెరిచినవాడు రెండూ చదువుతాడు. జపాన్ ప్రభుత్వ కార్యాలయాల్లో ఇదే ఆనవాయితీగా ఉండేది. తాళం వేసిన ఫైలు లోపల వైరస్ ఉన్నా, వైరస్‌లను పట్టే స్కానరుకు కనిపించదన్న అభ్యంతరం కూడా తోడై, కేబినెట్ కార్యాలయంలో దీనిని మానేస్తున్నట్టు 2020 నవంబరులో సంబంధిత మంత్రి ప్రకటించారు. పాస్‌వర్డును ఫోను చేసి నోటితో చెప్పడమే సరైన పద్ధతి.

లింకు సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. అది ఎవరికి తెరుచుకోవాలో సర్వరు చూసుకుంటుంది, అవసరం తీరాక ఆ అనుమతిని మనం వెనక్కి తీసుకోవచ్చు, అయితే అప్పటికే దించుకున్న కాపీని మాత్రం తెచ్చుకోలేము. గూగుల్ డ్రైవ్‌లో లింకుకు పాస్‌వర్డ్ పెట్టే ఏర్పాటు లేదు. ఫలానా మెయిలు ఐడీకి మాత్రమే అని పరిమితం చేయాలి. వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్‌లలో పాస్‌వర్డూ గడువు తేదీ పెట్టవచ్చు కానీ, డబ్బు కట్టే ఖాతాలకే. ‘లింకు ఉన్నవారెవరైనా’ అన్న ఎంపిక ఇంటికి తాళం వేసి తాళంచెవిని గుమ్మం పక్క పూలకుండీ కింద పెట్టడమే.

నా లెక్కలో ఆడిటరుకు ఏడాదికి ఒకసారి పంపే నాలుగు కాగితాలకు ఏఈఎస్ తాళం వేసిన ఫైలే మేలు. ఫ్లాటు కొనుగోలు మాత్రం వేరు. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి పాత క్రయపత్రాలు (ఈ లింకు రిజిస్ట్రేషన్ వారి భాషలోది), స్కాన్ చేస్తే జీమెయిల్ ఒప్పుకునే 25 ఎంబీ ఇట్టే దాటిపోతాయి. పైగా బ్యాంకు, లాయరు, ఇంట్లోవారు అందరూ చూడాలి, మధ్యలో కాగితాలు మారుతుంటాయి. అక్కడ మెయిలు ఐడీలకు పరిమితం చేసిన డ్రైవ్ ఫోల్డరే సరైనది.

జిరాక్స్ సెంటరులో ఈ రెండూ పనికిరావు, ప్రింటు తీయాలంటే వారి తెర మీద ఎలాగూ తెరవాల్సిందే. ఒప్పుకునేచోట ఆఖరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తున్నాను, ప్రింటు చేతికి వచ్చాక ఫైలును నా ఎదుటే తీసేయమని అడుగుతున్నాను. కొందరు విసుక్కుంటారు, అయినా తీసేస్తారు.