బల్జ్ అనే ఒక్క మాట కోసం ఎటిమాన్‌లైన్ తెరిస్తే

అమ్మ ఎమ్మారై రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ (డిస్క్ అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది) అని కనబడగానే టెన్షన్‌తో ఫోన్‌లో ఉన్న డిక్షనరీ యాప్ తెరిచాను. ‘ఉబ్బు’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. ఏం ఉబ్బు, వాపుకీ దీనికీ తేడా ఏంటి, ఏమీ లేదు.

అప్పుడు చూశాను ఎటిమాన్‌లైన్. ఇంగ్లిష్ మాటల పుట్టుక చెప్పే సైటు, డగ్లస్ హార్పర్ అనే ఆయన ఏళ్ల తరబడి కూర్చింది. చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు.

బల్జ్ అంటే మొదట్లో ఉబ్బు కాదట, తోలు సంచి! 1200 ప్రాంతంలో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు అదే అర్థం. పాత ఫ్రెంచిలో బూజ్, దానికి ముందు లాటిన్‌లో బుల్గా, లాటిన్‌కేమో ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతంలో పూర్వం ఉన్న గాల్ ప్రజల భాష నుంచి. ఉబ్బెత్తు అనే అర్థం 1620ల్లో గానీ రాలేదు. ఇంకా వెనక్కి వెళ్తే ‘భెల్ఘ్’ అనే ధాతువు, దాని అర్థం మళ్లీ ఉబ్బడమే. అంటే నింపితే ఉబ్బుతుంది కాబట్టి సంచికి ఆ పేరు, నిండిన సంచిలా ఉంది కాబట్టి ఉబ్బుకి సంచి పేరు. మనం అలిగిన మూతిని బుంగమూతి అనడం గుర్తొచ్చింది, అక్కడా ఉబ్బుకి ఒక పాత్ర పేరే కదా.

ఈ సైటులో నాకు బాగా నచ్చింది ఒక మాట నుంచి దాని చుట్టాలకి వెళ్లే లింకులు. బడ్జెట్ కూడా ఈ ఇంటిదేనని నేనెప్పుడూ అనుకోలేదు, ఫ్రెంచిలో చిన్న తోలు సంచిని బూజెత్ అనేవాళ్లు, అందులోంచి ఖజానా లెక్కలు బయటికి తీస్తున్నట్టుగా 1733 నాటికి ఆ మాట ప్రభుత్వ జమాఖర్చులకి అతుక్కుంది. పొట్టని చెప్పే బెల్లీ, కొలిమి తిత్తిని చెప్పే బెలోస్, రెండూ పాత ఇంగ్లిష్‌లో సంచి అనే మాట నుంచే వచ్చాయి. ఓడ అడుగుభాగాన్ని చెప్పే బిల్జ్ అయితే బల్జ్‌కే ఇంకో రూపం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 డిసెంబర్‌లో ఆర్డెన్స్ అడవుల్లో జర్మన్లు దాడిచేసి మిత్రరాజ్యాల యుద్ధరేఖని లోపలికి నెట్టినప్పుడు మ్యాపు మీద ఉబ్బులా కనిపించింది, ఆ పోరుకి ‘బ్యాటిల్ ఆఫ్ ద బల్జ్’ అనే పేరు ఎందుకొచ్చిందో కూడా ఇప్పుడు తేలిగ్గా పట్టుబడింది.

కొత్తవాళ్లకి ఒక మాట. ధాతువుల ముందు చిన్న నక్షత్రం గుర్తు (*) ఉంటుంది, ఆ రూపం ఎక్కడా రాతలో దొరకలేదని, పండితులు చుట్టాల భాషల్ని పోల్చి ఊహించారని దాని అర్థం. అది తెలియకపోతే ఊహని రుజువు అనుకుంటాం. పొడి అక్షరాల సంకేతాలు కూడా మొదట్లో కాస్త ఇబ్బంది పెడతాయి.

మాటని వాక్యంలో ఎలా వాడాలో నేర్చుకోవాలంటే మాత్రం మామూలు డిక్షనరీయే కావాలి. వైద్యం సంగతి అసలే అడగొద్దు. డిస్క్ బల్జ్ వేరు, డిస్క్ జారి బయటికి పొడుచుకు రావడం వేరు, నొప్పి ఏమీ లేనివాళ్ల స్కాన్‌లో కూడా బల్జ్ కనిపిస్తుందని మాకు డాక్టరే చెప్పారు. అమ్మకి నేను సంచి బొమ్మ గీసి చూపిస్తే, ‘అంటే అంచు కొంచెం బయటికి వచ్చిందన్నమాట’ అంది.

ఈ సైటుకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను.